హాలున్న ఇంట్లో నా కాపురం

"అమ్మమ్మా, గొల్లపూడిలో అంత మంచి ఫ్లాట్ వదిలేసి మళ్ళీ ఈ కొండ మీద గదిలోకి ఎందుకొచ్చేశారు? అమ్మనడిగితే 'మీ అమ్మమ్మనే అడుగు' అని నవ్వుద్ది."

నవ్వక ఏం చేస్తది మీ అమ్మ, నవ్వే పనే చేశాను గదా నేను. రా, లోపలికి రా. ఆ మంచం మీద కూచో. ఆ ఫోనేందే, రికార్డింగా? పెట్టుకో, పెట్టుకో. నా తెలివి నలుగురూ వింటే నలుగురికీ బుద్ధొస్తది. మీ తాతయ్య బయట మెట్ల మీద కూచున్నారు, మధ్యలో అందుకుని నేను చెప్పేదాంట్లో తప్పులు పడతారు. పట్టించుకోమాక.

మాది పెడన గదా, నేతోళ్ళం. మగ్గం గుంటకే సగం ఇల్లు పోద్ది, కాబట్టి ఇరుకు నాకేం కొత్త గాదు. పెళ్ళయ్యేటప్పటికి మీ తాతయ్య ఇక్కడ వన్ టౌన్లో హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. కొత్త కోడల్ని, పట్టుచీర కట్టుకుని ఈ మెట్లన్నీ ఎక్కి ఆయాసపడతా వచ్చి ఇదిగో ఈ గుమ్మంలో నిలబడ్డా. చూశా. ఇటు గోడ, అటు గోడ. "మిగతా ఇల్లెక్కడుందండీ?" అన్నా. ఆయన "నువ్వు లోపలికొస్తే నేను బయటికెళ్తా, అప్పుడు బాగా కనపడుద్ది" అన్నారు. మొదటి మాట అదే, చూడు, మా కాపురంలో.

అద్దె పదిహేను రూపాయలు... కాదు కాదు, పన్నెండు. పదిహేను తర్వాత చేశారు, మీ అమ్మ పుట్టాక. మనిషి పెరిగింది గదా అన్నాడు ఇంటాయన. గది మాత్రం పెరగలా.

ఇక్కడ పొయ్యి, ఇక్కడ మంచం. నేను పోపు పెడితే ఆవాలు ఎగిరి దుప్పటి మీద పడేవి. పొద్దున్నే దుప్పటి దులిపి, అవి పోపులడబ్బాలో... అట్టా చూస్తావేందే, వేసేదాన్ని గాదులే. ఒకటి రెండుసార్లు వేశానేమో. మీ తాతయ్య పొడుగు గదా, కింద చాపేసుకుని పడుకుంటే కాళ్ళు గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చేవి. పాలబ్బాయి రోజూ "గోపాలం గారూ, కాళ్ళు తియ్యండి" అని కేకేసేవాడు. మాకు అలారం అదే. నేను చీర మార్చుకోవాలంటే ఇద్దరూ బయటికి. మీ అమ్మకి పరీక్షలంటే మేమిద్దరం బయటికి. ఆ మెట్ల మీదే కూచుని నేను చీరలకి ఫాల్సు కుట్టుకునేదాన్ని, ఆయన కొట్టు ముచ్చట్లన్నీ అక్కడే చెప్పేవారు. ఇదంతా బానే ఉంది. బాగుందని మాత్రం తెలియలా నాకు. అదీ సంగతి.

మా రాజ్యం వదిన తెలుసు గదా? మా అన్నయ్య భార్య. పోరంకిలో వాళ్ళు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. వెళ్ళాం. హాలే, తల్లీ! ఈ గదిలాంటివి నాలుగు పడతాయి అందులో. కింద గ్రానైటు, మొహం కనపడుద్ది. నేనేమో జారిపడతానేమోనని గోడ పట్టుకుని నడుస్తన్నా. అప్పుడు ఎవరో ఆవిడ, వదిన వాళ్ళ పక్కింటావిడ, "మీదెక్కడండీ?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపు మా వదిన "పాపం, వాళ్ళది కొండ మీద చిన్న గూడులెండి" అంది. వెటకారం గాదు, నిజంగా జాలిపడే అంది. ఆ జాలే నాకు చచ్చేంత మంటెత్తించింది. భోజనంలో బూరె కూడా సహించలా. అబద్ధమెందుకు, రెండు తిన్నా. కానీ సహించలా.

ఇహ ఆ రోజు నుంచి మీ తాతయ్యకి నరకమే. "హాలున్న ఇంట్లో ఉండకుండా నేను చచ్చిపోతానేమోనండీ." ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "హాల్లో ఏం చేస్తావే?" అనేవారు.

"కూచుంటా."

"ఇక్కడా కూచునే ఉన్నావుగా."

ఈ మగాళ్ళకి ఏం చెప్తాం? ఆయన కొట్లో పని మానుకున్నాక మీ అమ్మతో చెప్పుకుని ఏడ్చా. మీ అమ్మా నాన్నా హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చి, తిరిగి తిరిగి, గొల్లపూడిలో ఆ ఫ్లాట్ అద్దెకి చూశారు. మూడో అంతస్తు. లిఫ్టు. రెండు బెడ్రూములు. హాలు!

సామానంతా కలిపి ఒక ట్రాలీ ఆటో. అదీ నిండలా. అక్కడ వాచ్‌మన్ యాదగిరి అని, మంచోడు, అంతా పైకి చేర్చి "మిగతా లోడు ఎప్పుడొస్తదమ్మా?" అనడిగాడు. "రేపొస్తది" అన్నా. ఏం చెప్పమంటావే మరి! మర్నాడు కూడా అడిగాడు. మూడోరోజు నుంచి జాలిగా చూట్టం మొదలుపెట్టాడు. కొండ మీద ఉన్నప్పుడు జాలి, ఇక్కడికొచ్చినా జాలే.

సోఫా కొన్నాం, హాలు బోసిపోయిందని. ఆ సోఫాలో కూచుంటే నా కాళ్ళు నేలకానవు. కాసేపు చిన్నపిల్లలాగా ఊపుకుంటా కూచునేదాన్ని, తర్వాత కిందికి దిగి దానికే ఆనుకుని కూచునేదాన్ని. మాట్టాడితే ఇల్లు తిరిగి మాట్టాడేది. "ఏవండీ" అంటే "అండీ" అని గోడలనేవి గానీ ఆయన పలికేవారు గాదు, చెవులు అంతంత మాత్రం గదా. ఇక్కడైతే కాలితో ఇట్టా తడితే సరిపోయేది. అక్కడ ఆయన్ని వెతకటానికే సగం రోజు. చివరికి ఫోన్లు చేసుకున్నామే తల్లీ, ఒకే ఇంట్లో! "ఎక్కడున్నారు?" అంటే "బాల్కనీలో." "ఏం చేస్తన్నారు?" "నువ్వెక్కడున్నావా అని ఆలోచిస్తన్నా."

ఇద్దరం వంటింట్లోనే పడుకునేవాళ్ళం రాత్రిళ్ళు. ఎవరికీ చెప్పలా. బెడ్రూముల్లో దుప్పట్లు నీటుగా పరిచి ఉండేవి, వచ్చినోళ్ళకి చూపించటానికి. కానీ ఎవరొచ్చారు? ఎదురింటి వాళ్ళ పేరు కూడా తెలీదు నాకు. వాళ్ళ తలుపు మీద ఉన్న ముగ్గు బొమ్మ స్టిక్కరు మాత్రం బాగా తెలుసు.

అయినా ఒప్పుకుంటానా? మా రాజ్యం వదినకి చూపించాలి గదా. పదిసార్లు పిలిస్తే ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. నేను ఎంత పొంగిపోయానంటే... నువ్వు నవ్వుతావులే. పట్టుచీర కట్టా. ఇంట్లో, నా ఇంట్లో నేను, పట్టుచీర! ఆవిణ్ణి సోఫాలో కూచోబెట్టి, నేనూ పక్కనే కూచుని, కాళ్ళు నేలకానటం లేదని కనపడకుండా చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కున్నా. ఫ్యాను ఫుల్లు. టీవీ కూడా పెట్టా, ఎందుకంటే అదీ ఉందని తెలియాలి గదా. కాఫీ ఇచ్చా. ఏమన్నానో తెలుసా? నాకింకా గుర్తే. "ఇక్కడ ఎంత ప్రశాంతమో వదినా! కొండ మీదలాగా గాదు. ఒకళ్ళ గొడవ ఒకళ్ళకి వినపడనే వినపడదు" అన్నా.

ఆ మాట నేనంటా ఉన్నప్పుడే మీ తాతయ్య అటు చివర బాత్రూములో కింద పడి నన్ను పిలుస్తన్నారు.

...

ఆఁ. ఏం లేదులే. మంచినీళ్ళు... ఆ కూజాలోవి ఇటియ్యి.

వదినే అంది, "అన్నయ్యగారేరీ? కనపళ్ళేదే" అని. "పడుకుని ఉంటారు" అన్నా నేను. ఇంకా చూపించాల్సిన బాల్కనీ ఉంది గదా నాకు! బాల్కనీ చూపించటానికి బెడ్రూములోంచి వెళ్ళాలి. అప్పుడు వినపడింది, సన్నగా నా పేరు. "రత్తం... రత్తం..." అని. గొంతు పోయింది అప్పటికే. బాత్రూము తలుపు తోస్తే లోపల గడియ. కొట్టా. బాదా. "వస్తన్నా, ఉండు, లేవలేకపోతన్నా" అంటన్నారు. నేను ఆ పట్టుచీరతోనే బయటికి పరిగెత్తా. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఏం పేరు పెట్టి పిలవను? ఎవరి పేరు తెలుసు నాకు? తెలిసిందొకటే పేరు. "యాదగిరీ!" అని మెట్లలోకి వంగి అరిచా. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చాడు గునపం పట్టుకుని. గడియ ఊడగొట్టాడు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను. ఆస్పత్రి వరండాలో కూచుని నేనేడుస్తంటే మా వదిన చెయ్యి వదల్లా, రాత్రంతా అక్కడే ఉంది. ఆమె మీద ఎంత కుళ్ళుకున్నానో ఆమెకేం తెలుసు! అప్పుడే చెప్పింది. పోరంకి ఇంట్లో మా అన్నయ్య పోయాక తను కూడా ఒక్క గదిలోనే ఉంటందంట, మిగతావి తాళాలేసి. గ్రానైటు తుడవటానికి ఓపిక లేదంట.

మీ తాతయ్యకి మెలకువొచ్చాక నేను "చాలాసేపు పిలిచారాండీ?" అనడిగా. "పిలిచా" అన్నారు. మళ్ళీ ఆయనే "నువ్వు హాల్లో కూచుంటానన్నావు గదా, కూచోనిద్దామని మెల్లగానే పిలిచాలే" అన్నారు. నవ్వించటానికన్నారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలా. ఇప్పటికీ సరిగ్గా రాదు.

డిశ్చార్జి చేసేటప్పుడు "ఎక్కడికెళ్దామండీ?" అన్నా. "ఇంటికి" అన్నారు. ఏ ఇల్లో నాకు తెలుసు. మీ అమ్మ గొడవ. "లిఫ్టున్న ఇల్లొదిలి కాలు విరిగిన మనిషిని కొండెక్కిస్తావా, మతిపోయిందా?" అంది. నిజమే, మతి ఎప్పుడుందని! ఇంటాయనకి ఫోన్ చేశా, మా గది ఎవరికైనా ఇచ్చేశారా అని. "లేదమ్మా, అంత చిన్న గది మీరు గాక ఎవరుంటారు?" అన్నాడు. అవమానమో వరమో అర్థం గాలా.

కొండ మీద మన ఇళ్ళ వరసలోవాళ్ళు నలుగురు దిగొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి మోసుకొచ్చారు. ఆయనేమో పెళ్ళికొడుకులాగా అందరికీ దణ్ణాలు పెడతా వచ్చారు. మీ నాన్న కమోడు కుర్చీ తెచ్చి ఆ మూల పెట్టాడు. డాక్టరు వాకరిచ్చాడా, అది ఈ గదిలో తిరగదు! తీసుకుపోయి బయట పెడితే దాని మీద పక్కింటివాళ్ళు తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. ఈయన మాత్రం ఇటు చెయ్యి చాపితే ఈ గోడ, అటు చాపితే ఆ గోడ. అట్టా పట్టుకునే నడక నేర్చుకున్నారు. "ఎటు పడ్డా గోడ పట్టుకుంటదే, ఇంత మంచి వాకరు ఏ డాక్టరిస్తాడు" అనేవారు. ఇప్పుడు చూడు, మెట్ల దాకా ఆయనే వెళ్ళి కూచుంటన్నారు. కిందికి దిగరు. దిగి ఏం చెయ్యాలంటారు, ఊరంతా మన గుమ్మం ముందు నుంచే పోతంటే.

సోఫా ఏమైందంటావా? యాదగిరికిచ్చేశా. అడిగాడు గదా పాపం, మిగతా లోడు ఎప్పుడొస్తదని.

మా రాజ్యం వదిన ఇప్పుడు నెలలో నాలుగు రోజులిక్కడే ఉంటది. ఇదిగో, నువ్వు కూచున్న మంచం ఆవిడది, నేను కింద, ఆయన గుమ్మం దగ్గర. నిద్దర పట్టుద్దంట ఇక్కడ. పట్టక! గురక పెట్టేది ఆవిడ, నిద్దర పోయేది మాకు. "పోరంకిలో నీ ఇంట్లో జాగా లేదా వదినా?" అంటే "అంతా జాగానేగా, పిలిస్తే పలికేవాళ్ళేరీ" అంటది. ఇరుకై చస్తన్నామే. మొన్న పక్కకి తిరిగితే ఆవిడ చెంబు తన్నా, నీళ్ళన్నీ మీ తాతయ్య మీద. తెల్లారి కాఫీ దాకా ముగ్గురం నవ్వుతానే ఉన్నాం.

నువ్వూ మీ ఆయనా ఇల్లు చూసుకుంటన్నారంట గదా? అమ్మ చెప్పింది. నా ముచ్చట విని భయపడమాకండి. నేనేదో పిచ్చిదాన్ని, సోఫాలో కూచుంటే కాళ్ళు నేలకానని మనిషిని. మీరు హాలున్నదే తీసుకోండి, బాల్కనీ ఉన్నదే తీసుకోండి, పిల్లలూ వాళ్ళూ పుట్టాలి గదా. చల్లగా ఉండండి తల్లీ. ఎంత ఇంట్లో ఉన్నా ఒకళ్ళు మెల్లగా పిలిచినా ఇంకొకళ్ళకి వినపడేట్టు ఉండండి, అంతే...

ఆఁ? ఏందండీ? పన్నెండు గాదు, పదా అద్దె? సర్లెండి, పదే. చూశావా, చెవులు వినపడవంటాం గానీ... వస్తన్నా, వస్తన్నా, టీ పెడతన్నా.