అత్త తిన్నాకే

బడి వెనక వంటగది. గంగాళంలో దుంపల గంజి చల్లారుతోంది. మాట్లాడుకునేది ఇద్దరు: కొండ మీంచి పనికి వచ్చే వంటామె, అడవి దుంపల్లో ఏమేం సత్తువ ఉందో పరీక్షించే ల్యాబు సారు.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"పక్క వసారాలో అత్త ఇంకా లేవాలి కదా సారూ."

"లేపొచ్చుగా. పెద్ద తరగతుల వాళ్లు కంచాలు కడుక్కుని కూర్చున్నారు."

"లేపితే ఎట్లా? తనంతట తను లేచి, నోరు పుక్కిలించి, ‘ఇక పెట్టండి’ అనాలి. చేదుదుంప వండితే మా ఇళ్లల్లో అంతే. ముందు పెద్దామె తింటుంది. మిగతావాళ్లు కూర్చుని ఆమె మొహం చూస్తారు."

"ఆ చూసేదేదో నేను మెషీన్లో చూశాను. ఇందులో ఉన్నంత ఇనుము నేను పరీక్షించిన ఏ ఆకులోనూ లేదు. ఈ పిల్లల కనురెప్పల కింద చూశావా, సున్నం కొట్టినట్టుంటుంది. ఒక్క ఏడాది ఇది తిన్నారంటే..."

"మాకు తెలీదా సారూ. బాలింతకి పెట్టేది ఇదే. నెల తిరక్కుండా లేచి కట్టెలమోపు ఎత్తుతుంది."

"మరింకేం. మీ అత్త కంటే నా మెషీనే నమ్మకం."

"మెషీన్ తిన్లేదు కదా."

"నీతో నేను పడలేను. ఇంతకీ పెద్దామె ఎప్పుడు తింది?"

"తెల్లారుతూనే. గంగాళం దించగానే."

"రోజూ ఇంత పొద్దెక్కేదాకా పడుకుంటుందా?"

"నిన్నంతా దుంపలు తరిగింది. అలిసిపోయుంటుంది."

"అంతేనంటావా?"

"అంతే మరి. మీకెందుకంత ఆత్రం? ఆకలైతే వేరే కూడుంది, పెడతా."

"నాకొద్దు. వానల్లో నాకిచ్చిన దుంపలూ, ఇవీ ఒకటే కదా?"

"ఒకటే. ఒక్క గుట్ట మీదే తవ్వాం."

"వాటిలాగే నానబెట్టారా?"

"నానబెట్టాం."

"వాగులో?"

"నానబెట్టామన్నాగా సారూ."

"వాగులోనా అని అడుగుతున్నా."

"వాగులో నీళ్లెక్కడివి? అడుగు బీటలిచ్చింది. బడి తొట్టిలో వేశాం. నీళ్లు మార్చాం, మార్చలేదని కాదు. పారే నీళ్లయితే చేదుని పట్టుకుపోతాయి. తొట్టిలో చేదు ఎక్కడికి పోతుంది?"

"చెప్పాలి కదమ్మా."

"చెప్తే ఆగేవాళ్లా మీరు? ఇవాళే వండాలని జోరీగలా చెవిలో పోరారు. అత్తేమో ‘ముందు తినేది నేనేగా, కానీ’ అంది."

"వెళ్లి చూడు ఒకసారి."

"ఇందాకే చూశా. గురక పెడుతోంది."

"మళ్లీ చూడు. చూడమ్మా, నీకు పుణ్యముంటుంది."

"సరే, సరే. అత్తా. అత్తా, లే. సారు తొందరపడుతున్నారు. అత్తా?"

"ఏమంటోంది?"

"కళ్లు తెరిచే ఉన్నాయి సారూ. మాట లేదు. చెయ్యి ఎత్తి వదిలితే పడిపోతోంది."

"ఊపిరి?"

"ఉంది, పైపైన. ఇది గురక కాదు సారూ, నేనే గురక అనుకున్నా. చూరులో విరుగుడు బెరడు దోపి ఉంది, కషాయం కాచి పోస్తా, కక్కేదాకా. మీరు ముందా గంగాళం గోతిలో బోర్లించండి. కుక్క కూడా ముట్టకూడదు."

"బెరడు ఎంతుంది?"

"ఒక మనిషికి సరిపోను ఉంది. అత్తకి చాలు. ఇంకా నయం, తను తినబట్టి పిల్లలెవరూ ముట్టలేదు. గంగాళం ఎత్తండి సారూ."

"నువ్వు నీళ్లకెళ్లినప్పుడు చిన్న తరగతి వాళ్లు ఆకలంటూ వచ్చారమ్మా. తలా ఒక గరిటె పెట్టాను."