గ్యాస్‌నూనె బావి

"నాయినమ్మా, బావి పక్కన గా టోపీ పెట్టిన పైపు ఏంది? నీళ్లు రావు, ఏం రావు."

దాన్ని ముట్టకు బిడ్డా. గది ఇంజనీరమ్మ పైపు. కూసో, చెప్త. నువ్వు గప్పుడు హాస్టల్ల ఉంటివి, నీకెట్ల తెలుస్తది.

మన బర్రెలకు ఈ బావే దిక్కు, తెల్సుగద. నల్లా నీళ్లు మనుషులకే సరిపోవు, బర్రెలకు ఏడికెల్లి తెస్తం? మీ తాత ఉన్నప్పుడైతే ఈ కిషన్‌బాగ్‌ల ఇంటికో కొట్టం ఉండె, పాలు గింత పిరం గూడ లేకుండె. సరే, గది వేరే ముచ్చట. ఏం చెప్తున్న... ఆ, ఒక పొద్దు మన రాణి బర్రె ముందల బకెట్ పెట్టిన. మూతి పెట్టి, ఉస్సుమని చీది, మొకం తిప్పుకున్నది. దానికి మొదటి సంది నకరాలే, పెద్దింటి కోడలి లెక్క. తిట్టిన గూడ. తీరా నేను వంగి వాసన చూస్తే గ్యాస్‌నూనె, గుప్పుమంటుంది. నీళ్ల మీద రంగులు రంగులు తేలుతున్నయి. బావి పోతే బర్రెలు పోతయి, బర్రెలు పోతే మనకింగ ఏమున్నదే? మీ నాయినకు వేరే పని రాదు.

మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ కలిపిండు మీ నాయిన. మాట్లాడింది మాత్రం నేనే, వానికి నోట్లకెల్లి మాట ఎల్లదు గద. "బావిల గ్యాస్‌నూనె వాసనొస్తుంది సారూ" అన్న. ఆయన సగమే ఇన్నడు, గ్యాస్ అన్న కాడికే. తెల్లారి ఎవరొచ్చిండ్రనుకున్నవు, సిలిండర్ మెకానిక్. పాపం మంచోడే. పొయ్యి చూసిండు, రబ్బరు పైపు మార్చిండు, చాయ్ తాగిండు. బావి చూపెడితే "బావిల సిలిండర్ ఎట్లుంటదమ్మా" అన్నడు. మల్ల ఫోన్ జేస్తే మల్ల గాయననే తోలిండ్రు.

ఇంగ గల్లీల ఒకటే లొల్లి. కింద రోడ్డు మీద పెట్రోల్ బంకు ఉన్నది గద, ఖలీల్ భాయ్‌ది. ఇంకెవ్వడు, బంకోడే అన్నరు అందరు. బంద్ జేయిస్తమని బయలెల్లిండ్రు. నాకైతే మనసొప్పలె. మీ తాత పోయిన దినం మనమందరం ఏడ్సుకుంట కూసుంటే, మన బర్రెలకు గడ్డేసింది గా మనిషే. పోయి మొకం మీదనే అడిగిన, "భాయ్, నిజం చెప్పు" అని. "అమ్మా, మేరేకు భీ నై మాలూమ్, నాకు గూడ తెల్వదు. టాంకీ జమీన్ల ఉంటది, కనవడదు. పరీక్ష చేయిస్త. నాదే అయితే నేనే బంద్ జేస్త" అన్నడు. అని ఊకోలె, ఆయనే తిరిగి తిరిగి ఇంజనీరమ్మను తోల్కొచ్చిండు. గప్పటి సంది మొన్నటిదాంక మన బర్రెలు తాగింది ఆయన బంకు నల్లా నీళ్లే, పైపేసి ఇడిసిండు.

ఆ ఇంజనీరమ్మ గుంటూరు దిక్కు పిల్ల. సన్నగ ఉంటది, కాళ్లకేమో పెద్ద పెద్ద బూట్లు. "ఏం వాసనండీ పెద్దమ్మగారూ?" అన్నది. గ్యాస్‌నూనె అన్న. "వంటగ్యాసా అండీ?" కాదమ్మా, దీపాలల్ల పోస్తుంటిమి చూడు, గది. "అంటే నువ్వుల నూనా అండీ?" నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె. ఖలీల్ భాయ్ మధ్యల వడ్డడు, "మిట్టీ కా తేల్, మేడం, మిట్టీ కా తేల్" అనుకుంట. "మట్టి నూనేంటండీ?" అని ఆమె ఇంకింత పరేషానయ్యింది. ఆఖరికి ఎన్నడు నోరు తెరువని మీ నాయిన, "కిరోసిన్" అన్నడు. "ఓరి నాయనో, కిరసనాయిలా" అని ఆమె గాడనే కూలవడి నవ్వింది. డీజిల్ గూడ దగ్గరదగ్గర గట్లనే వాసనొస్తదంట. "మట్టిలో నూనె వెతకడమే కదండీ నా పని, భాయ్ గారు సరిగ్గానే చెప్పారు" అన్నది.

తెల్లారి మిషన్ తెచ్చి బంకు చుట్టు బొక్కలేసిండ్రు. లోపటి మన్ను తీసుడు, సంచులల్ల కట్టుడు, వాసన పట్టే మిషన్ పెట్టుడు. అంత సాఫ్. లొల్లి జేసినోళ్లు ఒక్కలు గూడ గాడ నిలవడలె. భూమిల నీళ్లు గూడ పల్లానికే పోతయంట బిడ్డా, మన తానైతే మూసీ దిక్కు. బంకు మనకంటే కిందికి ఉన్నది, గాడికెల్లి నూనె మన దిక్కు ఎక్కి రాదు. "మీకు ఎగువనేముందండీ?" అని అడిగింది. ఏమున్నది, ఫంక్షన్ హాలు. గాడ బిర్యానీ ఉంటది గని డీజిల్ ఎందుకుంటదమ్మా అన్న. అంటుంటెనే ఖలీల్ భాయ్, "అమ్మా, హాలు కట్టకముందు గాడ లారీల షెడ్డు లేకుండెనా?" అన్నడు. నిజమే గద. మన గడ్డి లారీలు గూడ గాడనే ఆగుతుండె. షెడ్డు పోయింది, కింద డీజిల్ టాంకీ ఉన్నదని ఎవ్వలికీ యాది లేదు.

హాలాయన తవ్వనియ్యనన్నడు, పెండ్లిళ్లు ఉన్నయంట. నేనే పోయిన. పెండ్లిళ్లు లేని దినాలల్లనే తవ్వుకుంటరు తియ్యి అన్న. దేవుడు చూసిండు, ఆ ఏడు మన ఆషాఢం, వాళ్ల మొహర్రం ఒక్కతాననే వడ్డయి. ఎవ్వలింట్ల పెండ్లి లేదు. ఇటు బోనాల డప్పులు, అటు మిషన్ చప్పుడు, ఇంట్ల మాట ఇనవడలె. టాంకీ తీస్తే జంగు వట్టి జల్లెడయ్యి ఉన్నది. నల్లగయిన మన్నంత ఎత్కపోయిండ్రు.

ఇంగ బావి మంచిగైతదనుకున్న. కాలె. నూనె తోడుడు, నీళ్లు కడుగుడు, మస్తు దినాలు నడిసింది. గా పైపు గందుకే, ఇంజనీరమ్మ దాంట్ల సన్న సీసా దించి పరీక్షకు నీళ్లు తీస్కపోతది. ఫోన్ జేస్తే ఏమంటదో ఎరికేనా? "పెద్దమ్మా, గ్యాస్‌నూనె వాసనుందా?" అంటది. నేనేమో "కిరసనాయిలు వాసన లేదండీ" అంట. ఇద్దరం నవ్వుకుంటం.

మొన్న వానలు వడ్డంక, బర్రెలకు పెట్టొచ్చు పెద్దమ్మా అన్నది. నాకు నమ్మిక కాలె. బకెట్ తోడి రాణి ముందల పెట్టి నిలవడ్డ. మూతి పెట్టింది. ఆగింది. మల్ల తాగుడు శురు జేసి, బకెట్ అడుగు నాకెదాంక ఇడువలె. గా కొట్టంలనే నిలవడి ఏడ్సిన బిడ్డా, సంతోషమైంది. పాలకొచ్చిన ఖలీల్ భాయ్ "క్యా హువా అమ్మా" అని ఉరికొచ్చిండు. "తాగింది భాయ్" అన్న. ఆయన రాణి నెత్తి నిమిరిండు.

నీళ్లకు ఏ వాసనా లేకపోవుడు ఎంత పెద్ద దౌలతో గప్పుడు తెల్సింది నాకు. నువ్వు ఏ ఊర్ల నౌకరి జేసినా, ఏ ఇంట్ల కాలు వెట్టినా, నీకు గసొంటి నీళ్లే దొరకాలె, సల్లగుండు. ఇంగ లే, గా బకెట్ అందుకో, రాణి మన దిక్కే చూస్తుంది...