గోడకి పట్టని సైనికులు

అలమారాకీ కిటికీకీ మధ్య ఉన్న గోడకన్నా బొమ్మ జానెడు వెడల్పు ఎక్కువైంది. అందులో ఎర్రకోట్లూ నీలిలాగులూ తొడుక్కున్న ఆరుగురు సైనికులు గడ్డిమీద సేదతీరుతున్నారు. సోఫా గుడ్డకి నప్పుతుందని కొనుక్కొచ్చిన భర్త, భార్యతో మంతనాలాడుతున్నాడు. ఫ్రేములు కట్టేవాడు వసారాలో కాచుకుని ఉన్నాడు.

"ఎడంపక్క వాణ్ణి ఫ్రేము వెనక్కి మడిచేస్తే సరిపోతుందిటే. ఎలాగూ నిద్రపోతున్నాడు."

"నిద్రేనంటారా? మొహంమీద టోపీ కప్పి ఉందిగా."

"ఎండకి పెట్టుకున్నాడు." కొట్లో తనకీ అదే అనుమానం వచ్చిందని ఆయన చెప్పలేదు.

"మనబ్బాయి సరిహద్దు నుంచి ఫోన్ చేసి పదకొండు రోజులండీ."

"పన్నెండు. సరే, కుడిపక్క వాణ్ణి మడిచేద్దాం."

"వాడు ఇంటికి ఉత్తరం రాస్తున్నాడండీ! రాసేవాణ్ణి ఆపుతామా?"

"వట్టి బొమ్మేనే బాబూ!"

"అయితే మీరే చెప్పండి, ఎవర్ని తీసేద్దాం?"

ఆయన ఆరుగురినీ వరసగా చూశాడు. ఒక్కడికీ మీసం సరిగ్గా రాలేదు.

"అలమారా తీసేద్దాం."

"అది మా పుట్టింటిదండీ."

"తెలుసు."

ఆవిడ అలమారా తలుపు ఓసారి నిమిరింది.

"సరే. బొమ్మ చుట్టూ అంచు కాస్త ఎక్కువే వదలమనండి. పాపం, కాళ్లు చాపుకోవాలిగా."