మంచెకు ఇనుప పట్టీలు

కొత్తగూడెం దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఊరు. 2006, ఎండాకాలం. ముత్తక్క ఇంటి గోడకు ఆనించి, గుంజల మీద కట్టిన చెక్క మంచె. వడ్రంగి కోటేష్ దాని కింద కూర్చొని ఉన్నాడు.

"నేను పిలవలే గదా కోటేష్? మరెందుకొచ్చినవ్?"

"ఊకెనే అక్కా. ఈ దిక్కు పని పడ్డది."

"ఈ దిక్కు ఎవరింట్ల?"

"ఉన్నదిలే. జర ఆ పానా ఇటియ్యి."

"సంవత్సరమాయె. నా పెనిమిటి, మీ బొజ్జన్న దినాలకు గూడ రాకపోతివి. ఇయ్యాల ఇనుప ముక్కలు పట్టుకొని దిగినవ్."

"ముక్కలు గావు, పట్టీలు. కొత్తగూడెంల కోయించుకొచ్చిన. సూడు, దూలం మీదికెళ్లి గిట్ల మడిచి, రెండు దిక్కుల గుంజకు బోల్టులు బిగిస్తే..."

"ఎందుకు? ఊరోళ్లు మళ్ల నిలబెట్టిండ్రు. గట్టిగనే ఉన్నది."

"గట్లనే అనిపిస్తది. గాలి పైనుంచి తొయ్యదక్కా. చెక్కల కిందికి దూరి లేపుతది. మేకు ఎంత పొడుగుదైనా ఊడొస్తది. పట్టీ అయితే రాదు."

"గుంజే లేస్తే?"

"గుంజల మొదట్ల సిమెంటు పోస్త. ఆరు గుంజలు, పన్నెండు పట్టీలు. పొద్దుగూకే లోపు పోత."

"అంత జల్దేంది? తిని పో. అన్నమున్నది."

"వద్దక్కా."

"ఇద్దరికి వండుతనే ఉన్న. చెయ్యి ఆగది. మిగిలింది కోళ్లకేస్త."

"మీ తమ్ముని కాడికన్న పోరాదు?"

"ఎవరొచ్చినా అదే మాట. వస్తరు, ఆ మాట అంటరు, పోతరు. ఈడనే ఉంట. ఈ మంచె మీదనే పంటున్న."

"మంచె మీదనా? ఈ గాలిదుమారాల రోజులల్ల?"

"అవ్."

"ఇంట్ల పండుకోక?"

"నువ్వు బోల్టు బిగియ్యి."

"గాలొచ్చినా లోపలికి పోవా?"

"బిగియ్యి అన్న గదా."

"అక్కా."

"ఏంది?"

"బొజ్జన్న పట్టీలు ఏయమన్నడు. పోయినేడు, ఇది కట్టేటప్పుడు."

"ఎవరికన్నడు, నీకా?"

"నాకే. 'కోటేష్, గాలికి ఆగుతదా' అని రెండుసార్లు అడిగిండు. నేను మా చెల్లె పెండ్లి తొందరల ఉన్న. పట్టీలంటే కొత్తగూడెం పోవాలె, రెండు రోజుల పని. 'మేకులు సాలన్నా, ఏం గాదు' అన్న."

"అన్నవా."

"అన్న. నెల తిరగలే. ఆ గాలికి మంచె మొత్తం లేసి తిరగబడ్డది. ఆయన దాని కింద..."

"సాలు."

"అందుకే దినాలకు రాలే. నీ మొఖం సూడలేక. అప్పటి సంది ఈ దారెంట సైకిల్ తొక్కలే. నేనే సంపిన అక్కా."

"గట్లనకు."

"నేను గాకపోతే ఎవరు?"

"ఏడ్వకు. ఇటు సూడు. గాలి లేసినంక ఊరంత ఇండ్లల్లకు ఉరికింది. మీ అన్న ఒక్కడు మంచె మీద ఎందుకున్నడు? ఎవరన్న అడిగిండ్రా?"

"తాగి పండిండన్నరు."

"తాగలే. ఆ పొద్దు చుక్క ముట్టలే. సంతకు పోయి ఉప్పు మరిచి వచ్చిండు."

"ఉప్పా?"

"ఉప్పే. దాని మీద మాటా మాటా పెరిగింది. ఆయన్ని బయట పెట్టి తలుపు గడియ ఏసిన."

"అక్కా..."

"గాలి లేసినప్పుడు 'ముత్తీ, తియ్యే' అన్నడు. మూడుసార్లు కొట్టిండు, కోటేష్. ఇంకొక్కసారి కొడితే తీద్దామనుకున్న."