పైకి రాని పెడలు

ఆమదాలవలసలో మధ్యాహ్నం. పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కింద పడుకుని మెకానిక్ బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీస్తున్నాడు. కారు గలాయన టీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చాడు.

“బ్రేకు బాగా తొక్కినావు బాబూ. ఇంక కాలు తీసీ.”

“నేనా? నేనిప్పుడే కదా టీ అట్టుకొచ్చినాను, మావా.”

“మరి ఇందాకట్నుంచి నాను తొక్కమన్నప్పుడల్లా తొక్కిందెవులు?”

“సీట్లో ఎవులూ లేరు. పెడలు మాత్రం కిందికే ఉన్నాది. సేత్తో లాగినా రాట్లేదు.”

“మీ నాన్న పోయింది ఈ కారులోనే గదా?”

“ఔను, కాలవలో పడి. బ్రేకు తొక్కకుండా కావాలనే తోలీసుకున్నాడని ఊరంతా అన్నారు. అమ్మ కూడా అదే నమ్మింది. నాన్న పేరెత్తి పదేళ్లయినాది.”

“పాత గొట్టం సిల్లుపడిపోనాది, ఇయ్యాల నానే మార్సినాను. దాంతో ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. పాపం, ఇంకా తొక్కుతన్నాడు.”

“నేనేటి సెయ్యను?”

“బండి ఆగిందని సెప్పు.”

“నాన్నా... బ్రేకు పట్టింది. బండి ఆగిపోనాది. కాలు తీసీ.”

పెడలు మెల్లగా పైకి లేచింది.

“మావా, పెడలు మీద రబ్బరంతా తడిసిపోనాది.”

“ఆయిలు కారిందేటి?”

“ఆయిలు కాదు. కాలవ బురద.”

“తుడిసీయకు బాబూ. మీ అమ్మని తీసుకొచ్చి సూపించు.”