ఎనిమిదో ప్రీసెట్

తిరువూరులో ఫొటో స్టూడియో నడిపే బాలశౌరి, తన దగ్గర ఆరేళ్లు ఎడిటింగ్ చేసి ఈమధ్యే విస్సన్నపేటలో సొంత షాపు పెట్టుకున్న ఏబెల్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"తీసుకెళ్లలేదని బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు చూద్దాం."

"సార్, షాపులో కస్టమర్లున్నారు. తర్వాత చేస్తాను."

"ఉండనీ. నాకూ వచ్చారు, నెమలి ఊరి సీతారామారావు గారు. పెళ్లి ఆల్బం తెచ్చి బల్ల మీద పడేశారు. 'మా అనూహ్యకి పసుపు నీళ్లతో మంగళస్నానం చేయించాం, నువ్వు సిరాలో ముంచి తీశావేంటయ్యా' అన్నారు. మనుషులందరూ నీలంగా ఉన్నారంట! ఈ నెలలో ఇది మూడో ఆల్బం రా వెనక్కి రావడం."

"ప్రెస్సు వాళ్లని అడిగారా?"

"అడిగా. మీరు పంపిన ఫైలే అంత అంటున్నాడు. నా కంప్యూటర్లో చూస్తే బంగారంలా ఉంది."

"షైని ఏమంటోంది?"

"దానికేం తెలుసు, బీకాం చదివే పిల్ల! నీలంగానే ఉంది నాన్నా అంటోంది. నువ్వు మాట మార్చకు. ప్రీసెట్లు ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి."

"ఏడూ మీ కోసమే వదిలేశాను కదా సార్. పెళ్లి పగలు, పెళ్లి రాత్రి, చర్చి, ఓణీలు... ఏది నొక్కితే ఆ రంగు మొత్తం ఫొటోలకి పడిపోతుంది. ఇంకేం కావాలి?"

"'చివరిది' అనే ఆ ఎనిమిదోది కావాలి. పాత పెళ్లిళ్ల ఫైళ్లన్నీ తెరిచి చూశాలే. నేను రంగులన్నీ సరిచేసి ఇంటికెళ్లాక నువ్వది నొక్కి ప్రెస్సుకి పంపావు. రెండేళ్ల నుంచి! నాకు చెప్పకుండా!"

"అది... ఏం లేదు సార్. కొంచెం సర్దుతుంది."

"ఏం సర్దుతుంది?"

"కొంచెం."

"ఏం కొంచెం రా? వెళ్లేటప్పుడు ఎందుకు తీసేశావు?"

"మీరు చూస్తే అడుగుతారని."

"అడిగితే?"

"సార్, టీ తాగారా?"

"నా కడుపు మండిపోతుంటే టీ ఏంటి రా! నాలుగింటికల్లా ఆ అనూహ్య పెళ్లి ఫొటోలు మళ్లీ ప్రెస్సుకి వెళ్లాలి. ఆదివారం వాళ్లు ఆ ఆల్బం అల్లుడి గారింటికి పట్టుకెళ్లాలి. ఇది కూడా పాడైతే ఇక షట్టర్ దించేసుకోవడమే. ముప్పై ఏళ్ల పేరు రా నాది."

"సరే, సరే. పంపించాను, వాట్సాప్ చూడండి. అన్నిటికీ అది వేసి, ఇంకేం ముట్టుకోకుండా పంపేయండి. స్క్రీన్ వంక కూడా చూడకండి."

"చూడకుండా ఎలా పంపుతాను? ఉండు. వేస్తున్నా... ఒరేయ్! ఏంట్రా ఇది! పసుపు! మొత్తం పసుపు! పెళ్లికొడుక్కి కామెర్లు వచ్చినట్టుంది!"

"బాగుంది సార్. అలాగే పంపండి."

"నువ్వు చూడకుండానే బాగుందా?"

"షైనికి చూపించండి."

"షైనీ, ఇటు రా. ఇది చూడు... ఈ పిల్ల కూడా బాగుందంటోంది! ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా? ఇందుకా ఈ రెండేళ్లూ ప్రతి ఆల్బమూ పసుపు కొట్టినట్టు వచ్చింది? అనవసరంగా ప్రెస్సువాణ్ణి తిట్టాను."

"ఆ ఆల్బంలు ఒక్కరైనా వెనక్కి తెచ్చారా సార్?"

"తేలేదనుకో..."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. నీకు కెమెరా పట్టుకోవడం నేర్పింది నేను. షాపు పెట్టుకుంటానంటే నాలుగు మాటలన్నాను, నిజమే. దానికి నన్ను ఊళ్లో నవ్వులపాలు చేస్తావా? డిలీట్ చేసి పారేస్తున్నా దీన్ని."

"వద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటాను, దాన్ని తీసెయ్యకండి."

"అయితే చెప్పు. నా ఫొటోలకేం తక్కువైందని దొంగచాటుగా దిద్దావు?"

"ఏం తక్కువ లేదు సార్. మీలా తీసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. రంగుల దగ్గరే... చెబితే కెమెరా పక్కన పెట్టేస్తారని భయపడ్డాను."

"ఏం చెబితే?"

"మీ ఎదురుగా ఉన్న గోడ ఏం రంగు సార్?"

"ఇప్పుడు గోడ గోలేంటి రా?"

"చెప్పండి సార్."

"గంధం రంగు. మొన్న వేసవిలో నువ్వేగా దగ్గరుండి వేయించావు."

"నేను వేయించింది తెలుపు సార్."