దొరసానికి వేసిన ముడి

అదిగో, మళ్లీ కదిలింది! నిన్న అంతమంది ముందు బొమ్మలా నిలబడి నా పరువు కాపాడిందా, ఇవాళ ఎవరూ లేకపోయేసరికి, నేను బ్రష్షు కోసం ఇటు తిరిగానో లేదో, నీళ్ల తొట్టి దగ్గర తేలింది మహాతల్లి. నీ గుర్రం అచ్చం నీలాగే. నలుగురిలో నన్ను తక్కువ చెయ్యదు, ఇంట్లో మాత్రం నా మాట ఒక్కటీ వినదు.

సరే సరే, అరవను. అరవకూడదు, లాగకూడదు, తిట్టకూడదు. పగ్గం మెల్లగా పట్టుకుని, ఏ చోటు నుంచి కదిలిందో ఆ చోటికే తీసుకొచ్చి, కాళ్లు ఎక్కడున్నాయో అక్కడే పెట్టించి, పగ్గం మళ్లీ నేలమీద వదిలెయ్యాలి. అంతేగా? చూడు, నీ పాఠం నీకే అప్పజెబుతున్నాను. నువ్వున్నప్పుడు ఒక్క ముక్కా చెవికెక్కించుకోలేదు గానీ.

నువ్వు పోయి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. షెడ్డులో నీ గుడ్డసంచీ ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది. అందులో నీ రబ్బరు దువ్వెన, నీ తలకు కట్టుకునే గుడ్డ, ఎండిపోయిన రెండు క్యారెట్ ముక్కలు. తీద్దామంటే చెయ్యి రావడం లేదు. రోజూ పొద్దున్నే, నువ్వు తోమే వేళకే వచ్చి, దీన్ని తోముతూ నీతో మాట్లాడుతున్నాను. ముసలాడికి మతి పోయిందని పక్క వర్క్‌షాపు వాళ్లు అనుకుంటున్నారట. అనుకోనీ.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. అసలు నిన్ననే చెప్పాల్సింది.

అమ్మాయి గుర్రాల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. నువ్వు పోయిన వారానికే పట్టుబట్టిందిగా, "మా అమ్మను చంపిన గుర్రం ఈ దొడ్లో ఉండటానికి వీల్లేదు నాన్నా, సూది వేయించెయ్" అని. నేనే కాళ్లావేళ్లా పడి గడువు అడిగాను. కట్టకుండా నిలబడి తోమించుకుంటే ఉంచుదాం, లేదంటే నీ ఇష్టం అన్నాను. అల్లుడు కూడా నా తరఫున ఓ మాట వేశాడులే, పాపం.

ఇక ఆ రోజులు చూడాలి! నేను బ్రష్షు ఎత్తితే చాలు, పక్కకు తప్పుకునేది. నేను తెచ్చి నిలబెట్టడం, అది వెళ్లిపోవడం. ఒకరోజైతే ముప్పై ఒక్కసార్లు! నలభై ఏళ్లు వంగి లాడాలు కొట్టినా విరగని నడుం దీని వెనక నడిచి నడిచి విరిగింది. ఓ రోజు విసుగొచ్చి తొట్టి గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది నువ్వన్న మాట. "మీరు ఊపిరి బిగబట్టి తోముతారండీ. ఇక్కడేదో భయపడాల్సింది ఉందని దాని చెవిలో చెప్పినట్టే అది."

లేచి, ఊపిరి వదిలాను. గట్టిగా, దానికి వినపడేలా. నిలబడింది! మొదటిరోజు పది లెక్కపెట్టేదాకా. మర్నాడు ఇరవై. అది కదలకముందే నేనే చాలించి, జబ్బ మీద రెండుసార్లు తట్టి, "చాలమ్మా" అని పక్కకొచ్చేసేవాణ్ని. విసిగేదాకా నిలబెడితే అది విసుగే నేర్చుకుంటుంది అనేదానివి కదా. అన్నీ గుర్తున్నాయి చూడు. విననట్టే ఉండి అన్నీ విన్నాను.

నిన్న డాక్టరు చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మెడ తోమాను, వీపు తోమాను, డొక్క, వెనక్కాళ్లు, ఆఖరికి తోకలో చిక్కులు కూడా తీశాను. పగ్గం నేలమీదే ఉంది. డాక్టరు కావాలనే ఓ రేకు డబ్బాను కాలితో తన్నాడు. దొరసాని చెవులు రెండూ అటు తిప్పింది, అంతే. ఒక్క గిట్ట లేవలేదు. రోజూ నన్ను పలకరించి వెళ్లే పాలబండి పెద్దాయన గేటు అవతల ఆగి చప్పట్లు కొట్టాడు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని, "మా దగ్గర పనిచేసేవాళ్లకు మీరొచ్చి నేర్పాలండీ" అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉందిగా? ఆ తర్వాతది విను.

అమ్మాయి వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. నువ్వు పోయాక అది నా దగ్గర ఏడవడం అదే మొదలు. ఏడుస్తూ ఏమందో తెలుసా? "నీకున్న ఓపికలో సగం అమ్మకుంటే బతికేది నాన్నా. అరకొరగా నేర్పి, కట్టకుండా వదిలేసి, చేజేతులా ప్రాణం మీదకు తెచ్చుకుంది."

విన్నావా? నీకు ఓపిక లేదట! నాకుందట!

నేనేమన్నానంటావు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. పైగా దాని తల నిమిరాను.

అబ్బ... మళ్లీ అడుగు తీసిందే! నేనే ఊపిరి బిగబట్టినట్టున్నాను. దీని దగ్గర ఏదీ దాగదు కదా. ఆగు తల్లీ, ఆగు. రా, ఇలా వెనక్కి. ఆఁ, అక్కడే.

మొదట్నుంచీ చెబుతాను. నీకు తెలియనిదేం కాదు. అయినా నా నోటితో ఒక్కసారి చెప్పనీ.

ఇది మనింటికొచ్చిన రోజు గుర్తుందా? ఇటుకల బండివాడు తోలుకొచ్చాడు. "లాడాలు పీకెయ్యి, కబేళాకు పంపేస్తున్నా" అన్నాడు. స్తంభానికి పొట్టిగా కట్టేసి కొట్టేవాడట వాడు. ముక్కు మీద తాడు ఒరుసుకుపోయి, వేలెడు మేర బొచ్చే లేదు. తాడు కాస్త బిగిసిందా, దీనికి కళ్లు తేలిపోయేవి. మెడ విరిగినా సరే అని వెనక్కి గుంజేది. నువ్వు వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేశావు. ఇక తియ్యలేదు.

లాడాలు కొట్టేవాడి ఇంట్లో కట్టుకు నిలవని గుర్రమా అని నేను నవ్వాను. దొరసాని అని పేరు పెట్టింది కూడా నేనే, వెటకారానికి. నువ్వేమో, "అవునండీ, దొరసానే. దొరసానిని ఎవరైనా కట్టేస్తారా?" అన్నావు.

ఏడాది పట్టింది నీకు. ఏడాది! మొదటి నెలంతా బ్రష్షే ముట్టుకోలేదు, ఒట్టి చేత్తో నిమరడమే. వాన పడుతుంటే గోనెపట్టా కప్పుకుని మరీ నిలబడ్డావు దీని పక్కన. దాన్ని పట్టుకుని అరకొర అంటోంది నీ కూతురు. ఇన్నాళ్లూ నేను దీనికి కొత్తగా నేర్పిందేముంది? దీనికి అన్నీ వచ్చు. రానిదల్లా నాకే. నన్ను నిలబెట్టడానికే దీనికి ఇన్ని రోజులు పట్టింది.

నిజం చెప్పనా? అప్పట్లో నువ్వు దీన్ని వదిలేసి తోముతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నా చేతి ముడంటే ఎంత పేరు! ఆయన కట్టాడంటే ఏనుగు లాగినా ఊడదు అనేవాళ్లు. అలాంటివాడి దొడ్లో, వాడి పెళ్లాం, తాడు నేలమీద పారేసి, గుర్రంతో కబుర్లు చెబుతోందాయె. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "ఏమయ్యా, మీ ఆవిడకు ఓ స్తంభం చూపించకూడదా?" అని ఒకడు, "తాళ్లు కూడా దొరకడం లేదా ఏంటి?" అని ఇంకొకడు. నువ్వూ వాళ్లతో కలిసి నవ్వేసేదానివి. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఆ రోజు... ఆ రోజు నువ్వు సగం తోమి, గిట్టల్లో మట్టి తీసే కొక్కెం కోసం లోపలికెళ్లావు. దొరసాని ఒక్కతే నడి దొడ్లో నిలబడి ఉంది. నువ్వు వెళ్లిన తలుపు వైపే చూస్తోంది. అప్పుడే గేట్లోంచి ఒకడొచ్చాడు. కొత్తవాడు, పైఊరివాడు. ఆగిపోయి, "ఇదేంటి, గుర్రాన్ని గాలికొదిలేశారు? లాడాలు కొట్టే చోటు ఇదేనా?" అన్నాడు.

అంతే. ఎవడో దారినపోయేవాడు అన్న ఒక్క మాట.

వెళ్లి పగ్గం తీశాను. స్తంభానికి కట్టేశాను. పొట్టిగా కట్టాను. కొస లాగితే జారిపోయే ముడి నాకు రాదా? మా పనిలో చేరినవాడికి మొదటిరోజు నేర్పేదే అది. ఆ ముడి వెయ్యలేదు నేను. వాడు చూస్తున్నాడుగా! నా ముడి వేశాను, ఊడనిది.

వాడి గుర్రం వీధిలో ఉందంటే చూద్దామని వాడి వెంట నడిచాను. లోపలున్న నీకు ఓ కేక వెయ్యలేదు. "ఏమేవ్, కట్టాను" అంటే సరిపోయేది. రెండు మాటలు. అవి కూడా అనలేదు.

నువ్వు కొక్కెం పట్టుకుని వచ్చి ఉంటావు. నిన్ను చూడగానే ఎప్పట్లాగే ఇది తల తిప్పి ఉంటుంది. తాడు ఆపేసి ఉంటుంది. చప్పుడు విని నేను పరుగెత్తుకొచ్చేసరికి ఇది వెనక్కాళ్ల మీద కూలబడి గుంజుతోంది. కళ్లు తెల్లగా అయిపోయాయి. నువ్వు పక్కకు పారిపోవచ్చు కదా? ఎవరైనా అదే చేస్తారు కదా? నువ్వు దీనికీ స్తంభానికీ మధ్యలో నిలబడి, రెండు చేతులతో ముడి విప్పుతున్నావు. "ఉండమ్మా, ఉండు, అయిపోయింది" అంటున్నావు దీనితో. ముడి రావడం లేదు. ఎలా వస్తుంది? వేసింది నేను!

గుంజి గుంజి ఇది ఒక్కసారిగా ముందుకు దూకింది. నీ తల స్తంభానికి తగిలింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు.

గిట్టలు చెక్కే కత్తితో తాడు కోశాను. దొరసాని వెళ్లి తొట్టి దగ్గర నిలబడింది, ఒళ్లంతా వణుకుతూ. నువ్వు నేలమీద ఉన్నావు. ఇక్కడిదాకా పాలబండి పెద్దాయనకు కూడా చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. దీని తర్వాతది మాత్రం ఎవరికీ చెప్పలేను. నీకు కూడా తెలియదు ఇది, నీ కళ్లు మూసుకుని ఉన్నాయి అప్పుడు.

స్తంభానికి నా ముడి మిగిలిపోయింది. గేటు బయట జనం అడుగుల చప్పుడు వినపడుతోంది. నేను ముందు నీ దగ్గరికి రాలేదే. ముందు ఆ ముడిని కోసి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాతే నీ తల ఒళ్లోకి తీసుకున్నాను.

ఎంతసేపంటావు? నాలుగు క్షణాలు. ఐదు. డాక్టర్లు చెప్పారులే, అంత దెబ్బకు నిమిషాల తేడా ఏమీ ఉండదని. అయినా ఆ నాలుగు క్షణాలు నువ్వు నేలమీద ఒక్కదానివే ఉన్నావు. నేను పక్కనే ఉండి కూడా.

జనం వచ్చారు. గుర్రం విడిగా ఉంది, నువ్వు పడి ఉన్నావు. "కట్టకపోతే ఇంతేనమ్మా, ఎన్నిసార్లు చెప్పాం" అన్నారు. ఆ కొత్తవాడు ఒక్కడికే తెలుసు. ఆ గొడవలో వాడు తన గుర్రాన్ని తోలుకుపోయాడు, మళ్లీ ఈ వైపు రాలేదు.

రెండోరోజు ఆసుపత్రిలో నీకు తెలివొచ్చింది. అమ్మాయి నీ మీదకు వంగి, "అమ్మా, ఆ రోజు దాన్ని కట్టలేదా నువ్వు?" అని అడిగింది. నేను మంచం చివర నిలబడి ఉన్నాను. నువ్వు నా వైపు చూశావు. నీ గోళ్లు రెండు చిట్లి ఉన్నాయి, ఆ ముడి లాగి లాగి. దుప్పటి మీద పెట్టుకున్న చేతుల్ని మెల్లగా దుప్పటి కిందకు తీసుకున్నావు. "లేదమ్మా," అన్నావు. "నేనే కట్టలేదు."

తర్వాత నన్ను పిలిచి, "దొరసానికి నీళ్లు పెట్టారా?" అన్నావు. అదే ఆఖరి మాట.

ఎందుకన్నావే అలా? పప్పులో ఉప్పు ఎక్కువైతే కూడా నా చెయ్యి జారిందని ఒప్పుకునేదానివి, అబద్ధమే రాదు నీకు. ఆ ఒక్కటి నా కోసం ఎలా ఆడావు? తిట్టి ఉండాల్సింది. కూతురి ముందే, నర్సుల ముందే, "ఈ మనిషే కట్టాడు, నలుగురు నవ్వుతారని కట్టాడు" అని ఉండాల్సింది. నువ్వు అనలేదు కాబట్టి నేను బతికిపోయాను. ఇలాంటి బతుకు!

ముడి నా దగ్గరే ఉంది. మేకుల డబ్బాలో అడుగున పెట్టాను. ఇదిగో. రోజూ తీసి విప్పుదామని చూస్తాను. నా చేత్తో నేను వేసిందే, నాకే రావడం లేదు.

చూడు... ఇప్పుడు నిలబడింది. చెబుతున్నంతసేపూ కదల్లేదు. పగ్గం నేలమీదే ఉంది.

స్కూటర్ చప్పుడు. అమ్మాయే. నీ సంచీ తీసుకెళ్తానంది, నీ గుర్తుగా ఉంచుకుంటుందట. ఈ ముడి చూపించానంటే నాకిక కూతురుండదు. చూపించకపోతే, ఓపిక లేక చచ్చిపోయిన తల్లే మిగులుతుంది దానికి, నువ్వు కాదు. నిన్న రాత్రంతా ఈ రెంటి మధ్యే దొర్లాను.

ముడి పిడికిట్లో పట్టుకుని గేటు వైపు తిరిగాను. నీ దొరసాని మాత్రం నిలబడే ఉంది.

రామ్మా, గేటు వేసిరా. సంచీ తర్వాత తీసుకుందువు గానీ, ముందు ఇలా రా. ఏం లేదు, ఏడవడం లేదు. చెయ్యి చాపు. ఇది పట్టుకో. ఆ రోజు మీ అమ్మ దీన్ని కట్టలేదు. నేను కట్టాను.